టైకు

"ఏటయ్యిందమ్మా?" అని అడిగింది మా అమ్మ,
పెద్దాసుపత్రి మెట్ల మీద
ఒక కాలికే చెప్పుతో నిలబడి.
"స్ట్రోకు" అన్నాడు కుర్ర డాక్టరు
కాగితంలోంచి తలెత్తకుండా.

అమ్మకి ఇంకోలా వినపడింది.
"మల్లీ టైకా?
ఈ వయిసులో ఎవుల్మీద సేసినాడు?
మిల్లే నేదు కదేటి!"

నవ్వొచ్చేసింది నాకు,
ఏడవాల్సిన చోట.

అమ్మకొచ్చిన ఇంగ్లీషు ఏడెనిమిది మాటలు.
రేషను, సైరను, పీఎఫ్, లాకౌటు,
అన్నీ గోనెమిల్లు గేటు దాటి
నాన్న చొక్కాకంటిన నారదుమ్ముతోబాటు
మా గుమ్మంలోకొచ్చినవే.
వాటిల్లో టైకు పెద్దది.
టైకంటే పదకొండు నెలలు.
గేటు ముందర చిరుగుల టార్పాలిన్,
మూడు పూటలా చోడంబలి,
తాకట్టుకెళ్ళి తిరిగిరాని మట్టెలు.
టైకు మూడో నెలలో పుట్టాను నేను.

ఇప్పుడు తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను.
అగ్గిపుల్ల గీస్తే స్ట్రైక్,
తాటిచెట్టు మీద పిడుగు పడితే స్ట్రైక్,
గంటస్తంభం పన్నెండు కొడితే అదీ స్ట్రైకే అన్నాను.
"మరి టీచరూ,
బ్యాటుచ్చుకుని ఆడేవోడూ స్ట్రైకులోనే ఉంటాడు,
పని మానేసినోడూ స్ట్రైకులోనే ఉంటాడు,
అదెలాగ?"
ఆఖరి బెంచీ దండాసి అడిగాడు.
ఇంతలో అన్నం బెల్లు కొట్టారు.
బతికిపోయాను.

ఆ రాత్రి వార్డు బయట
దోమలతోబాటు మేలుకుని
వాడికి బాకీపడిన జవాబు వెతికాను.
రెండున్నర శతాబ్దాల కిందట
ఏదో దూరదేశపు రేవులో
కూలి చాలని ఓడకళాసులు
తెరచాపలు దించేశారట.
చాప దించడాన్ని వాళ్ళ భాషలో ఆ మాటే అంటారట.
ఓడలు కదల్లేదు.
మాట మాత్రం కదిలింది,
రేవు దాటి, గనుల్లో దిగి, మిల్లులెక్కి,
మా అమ్మ నోట్లో అరిగి టైకయ్యింది.

కోనాడ రేవులో మా తాత ఎల్లాజీ
రోజూ సాయంత్రం చాప దించేవాడు.
అది సమ్మె కాదు, ఇల్లు చేరడం.
సముద్రం వొల్లనని
నారదుమ్ములోకి పారిపోయొచ్చిన ఆయన కొడుకు
ఒకనాడు మిషను ఆపి చేతులు కట్టుకున్నప్పుడు
దించింది తండ్రి చాపేనని
ఎవరు చెప్తారు?

పేజీ ఇంకా కిందకి లాగాను.
స్ట్రోకూ స్ట్రైకూ అప్పాచెల్లెళ్ళట.
మా అమ్మ చెవి తప్పు వినలేదు.
ఇంకా వెనక్కి, బాగా వెనక్కి వెళ్తే
ఆ మాటకి కొట్టడమన్న అర్థమే లేదు.
అరచేత్తో మెల్లగా రాయడం,
నిమరడం, సాపు చెయ్యడం. అంతే.
ఆ నిమిరే చెయ్యి
ఏ శతాబ్దంలో, ఎవరి మీద బిగుసుకుందో
నిఘంటువు రాయలేదు.

తెల్లారగట్ల లోపలికెళ్ళాను.
నాన్న కుడిచెయ్యి
ఎవరిదో మర్చిపోయిన సామానులా పక్కమీదుంది.
అమ్మ ఆముదం రాస్తోంది
మోచేతి నుంచి మణికట్టు దాకా, మళ్ళీ మోచేతి నుంచి.
"యూనియనోడివి కదా,
ఈ సెయ్యికేటి కావాలో అడుగు.
పదకొండు నెల్లు సూసినదాన్ని,
నాకేటి తొందర?"

నాన్న నోరు ఒక పక్కకి లాగింది.
నవ్వో, మాటో.

చెప్దామనుకున్నాను అమ్మకి,
నువ్వు చేస్తున్నదే ఆ మాటకి
అన్నిటికన్నా పాత అర్థమని.
చెప్పలేదు.
ముడుచుకున్న ఆయన వేళ్ళని
ఒక్కొక్కటీ తెరుస్తోంది తను.
"జీతాల్నాడు ఇలాగే తెరిసేదాన్ని,
తిన్నగా ఇచ్చేవోడు కాడు" అంది.
ఆఖరి వేలు తెరిచి
ఖాళీ అరచేతిలోకి కాసేపు చూసి
తన చెయ్యి అందులో పెట్టింది.